కొడవలికి బొట్టు, కత్తికి సాన

అయ్యలారా, అమ్మలారా! దేవుళ్ల చేతుల్లో ఉన్నవి ఆయుధాలు కావని తేలిపోయింది. ఇగ మనకు ఏ ఫికరూ లేదు!

త్రిశూలం పొడిచేందుకు కాదట. చక్రం నరికేందుకు కాదట. గద నెత్తి మీద వేసేందుకు కానే కాదట. అన్నీ ప్రతీకలు! ఈ మాట నేను అనలేదు. మా గల్లీ అమ్మవారి మండపంలో పెట్టిన పదహారు అడుగుల ఎల్‌ఈడీ స్క్రీన్ చెప్పింది. అంత పెద్ద స్క్రీన్ అబద్ధం చెప్తదా?

నేను జహీరాబాద్‌లో, బీదర్ పోయే రోడ్డు పక్కన, యాభై రెండేండ్ల సంది కొలిమి నడుపుతున్న. కొడవలి, గొడ్డలి, పార, గడ్డపార, నాగటి కర్రు. ఇన్ని చేసిన గాని ఒక్కదానికైన అర్థం ఉంటదని అనుకోలేదు. కొడవలి అంటే కోసేది. గొడ్డలి అంటే నరికేది. అంతే తెలుసు. ఎంత చీకట్లో బతికిన్నో చూడండి!

ఈ దసరాకు వెలుగు వచ్చింది. ఆ వెలుగు పేరు ప్రణయ్ సారు.

ప్రణయ్ సారుకు ముప్పై ఏండ్లు నిండలేదు. హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగులకు మనసు గట్టిపడే క్లాసులు చెప్తడట. యూట్యూబ్‌లో చానల్ ఉంది. నవరాత్రులకు మా కమిటీ వాళ్లు ఆయనను పిలిపించిన్రు. రోజుకొక ఆయుధం, దాని అర్థం. చెంప మీద మైకు, చేతిలో బటన్. బటన్ ఒత్తితే స్క్రీన్ మీద త్రిశూలం గిర్రున తిరుగుతది.

త్రిశూలానికి మూడు మొనలు, అంటే మూడు గుణాలు. చక్రం అంటే కాలం. పాశం అంటే మోహం. అంకుశం అంటే మనసుకు బ్రేకు. విల్లు బాణం అంటే ఫోకస్. ఆరో దినం ఖడ్గం వచ్చింది. ఖడ్గం అంటే జ్ఞానం! ఎంత చప్పట్లు! మండపం రేకులు ఊగినై.

నిజం చెప్తున్న, నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినై. పాపం ఆ మహిషాసురుడు! జ్ఞానం తగిలి చచ్చిపోయిండు. ఇనుము తగిలి చచ్చిండని ఇన్నేండ్లు అనుకున్నం.

ఈ ప్రతీక అనే మాట వచ్చినంక మా గల్లీకి జరిగిన మేలు ఇంతంత కాదు.

మోరీ పొంగి వాకిట్లోకి వస్తది కదా. ఇదివరకు మున్సిపాలిటీకి ఫోన్లు కొట్టి కొట్టి అలిసిపోయేటోళ్లం. ఇప్పుడు ఎవరూ కొడ్తలేరు. మోరీ సంసార సాగరానికి ప్రతీక! దాన్ని దాటాలె గాని తిట్టొద్దు.

కరెంటు పోతది. అది అజ్ఞానం. లైన్‌మన్‌కు ఫోన్ ఎందుకు? లోపలి దీపం వెలిగించుకుంటే చాలదా?

దోమలు కుడ్తయి. నిద్రపోయిన ఆత్మను లేపేందుకు!

రోడ్డు మీద గుంతలో పడి కిరాణా దుకాణం ఆయనకు మోకాలు పగిలింది. గుంత అంటే వినయం. తల వంచి నడవమని చెప్తది. ఆయన దవాఖానలో కట్టు కట్టించుకుని వినయంగా కుంటుకుంట వచ్చిండు.

ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని కష్టాలు తీర్చిన సర్కారు ఎక్కడన్న ఉందా? మీరే చెప్పండి.

శాస్త్రం సంగతి నాకూ జర తెలుసు. కొలిమి ముందర కూసుని మా నాయన చెప్పేటోడు. అమ్మవారు యుద్ధానికి పోయేటప్పుడు దేవతలందరూ తలా ఒక ఆయుధం ఇచ్చిన్రు. శివుడు తన శూలంలో నుంచి ఇంకొక శూలం తీసి ఇచ్చిండు. విష్ణువు తన చక్రంలో నుంచి ఇంకొక చక్రం తీసి ఇచ్చిండు. విన్నరా? జిరాక్స్ తీసి ఇచ్చిన్రు! అసలుది ఎవరి దగ్గర వాళ్లకే ఉంది. తెల్లారితే ఎవరి పని వాళ్లకు ఉంటది కదా.

మా కులానికి పెద్ద విశ్వకర్మ. ఆయన గొడ్డలి ఇచ్చిండు. తళతళ మెరిసే గొడ్డలి అంటరు. ఇనుము ఊరికే మెరుస్తదా? సాన పట్టినంకనే మెరుస్తది. స్క్రీన్ మీద మాత్రం ఆ మాట రాలేదు. మెరుపు అంటే నిర్మలమైన మనసు అని వచ్చింది. సరే, విశ్వకర్మకు తెలియంది సారుకు తెలిసి ఉంటది.

నాగలి, రోకలి పట్టుకున్న దేవుడు కూడ ఒకాయన ఉన్నడు. బలరాముడు. ఆయన ఊసు ఎవరూ ఎత్తలేదు. నాగలి ఎత్తుకుని ఊరేగింపులో తిరిగితే రీల్ మంచిగ రాదట!

ఇగ అసలు సంగతికి వస్త.

మా దిక్కు ఆయుధ పూజ ఒక్క దినం పండుగ. ముందు దినం ఇనుమంత కడుగుతం. నూనె రాస్తం. పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, నిమ్మకాయ ముందర పెడ్తం. ఆ దినం కొలిమి ముట్టియ్యం. కొడవలి ముట్టం. బొట్టు పెట్టిన ఇనుమును ఉద్వాసన చెప్పేదాక కదిలియ్యొద్దు. అది కట్టడి. తెల్లారి అయ్యగారు నాలుగు అక్షింతలు వేసి, దాన్ని జర ఉత్తరానికి జరుపుతడు. ఉద్వాసన అయినట్టే. మళ్ల పనిలోకి.

ఏడాదంత దెబ్బలు తినే ఇనుముకు ఒక్క దినం సెలవు. నాకు తెలిసిన అర్థం అంతే.

మా కమిటీ ప్రెసిడెంటు బసవరాజ్‌కు ఆ ఒక్క దినం చాలలేదు. బసవరాజ్ సిమెంటు, సలాకల దుకాణం నడుపుతడు. మంచి మనిషి. మాట తీయన. ఈ ఏడు అమ్మవారికి పద్దెనిమిది చేతులు పెట్టించిండు. చేతుల్లో ఆయుధాలన్నీ థర్మాకోల్‌వి. మరి అసలు ఇనుము లేకుంటే ఎట్ల? అందుకని ఒక పథకం తీసిండు. పేరు “ఇంటికో ఇనుము”. ఇంటింటి నుంచి ఒక పనిముట్టు తెచ్చి, అమ్మవారి ముందర వరుసగ పెట్టి, దేని అర్థం దాని కింద చీటీ మీద రాసి అతికించాలె. పూజ మాత్రం మొదటి దినమే! ఎందుకంటే ప్రణయ్ సారు తొమ్మిది దినాలు చెప్పాలంటే తొమ్మిది దినాలు అవి అక్కడ ఉండాలె కదా.

తన దుకాణం నుంచి బసవరాజ్ ఒక్క సలాక ఇచ్చిండు. దాని కింద “స్థిరత్వం” అని రాసిన్రు. పక్కన దుకాణం పేరు, ఫోన్ నంబరు.

మొదటి దినం పొద్దుగాల బసవరాజ్ నా కొలిమి దగ్గరికి వచ్చిండు. వెంట సచిన్, ఇంకో నలుగురు పిల్లగాండ్లు. సచిన్ కమిటీలో ఊరేగింపు ఇన్‌చార్జి.

“శరణు!” అని దండం పెట్టిండు. “కాకా, మీది కొలిమి ఇల్లు. ఒక్కటి ఇస్తే మంచిగుండదు. ఏమిస్తరు?”

నా నోట్లో బీడీ ఉంది. గోడకు ఒక పాత నాగటి కర్రు వేలాడుతున్నది. మా తాత చేసింది. అటు చేయి చూపించిన.

“ఆ కర్రు” అంటే రెండు మాటలు. ఆ రెండూ మిగుల్చుకున్న.

వాళ్లు ఆ గోడ పొడుగునా ఉన్నదంత ఆటోలో వేసుకుని పోయిన్రు! సుత్తె, సమ్మెట, పటకారు, ఇనుము పెట్టి కొట్టే దాగలి. దాగలిని ఐదుగురు కలిసి మోసిన్రు. నేను లోపల బ్లోయర్ వైరు బాగు చేసుకుని బయటికి వచ్చేసరికి గోడ ఖాళీ. సాన మిషన్ ఒక్కటి మిగిలింది. నేలకు బోల్టులతో బిగించి ఉంది కాబట్టి పీకలేకపోయిన్రు. దానికి పాపం అర్థం లేకుండ పోయింది.

సాయంత్రం మండపానికి పోయి చూసిన. నా సుత్తె కింద “సంకల్పం”. నా పటకారు కింద “బంధం”. నా దాగలి కింద “సహనం”. అన్నిటికీ బొట్లు పెట్టేసిన్రు. ఇగ ముట్టొద్దు.

సంతోషంగ ఇంటికి వచ్చిన. ఇంత సహనం నా కొలిమిలో పడి ఉందని యాభై రెండేండ్లు తెలవకపాయె!

కాని వాటి పక్కన ఇంకొక చీటీ ఉంది. “అహంకార నాశనం, ఆరు పీసులు”. ఆ ఆరు నావి కావు. నర్సమ్మ కొడవళ్లు.

నర్సమ్మ మా గల్లీ చివర ఉంటది. న్యాల్‌కల్ రోడ్డు దిక్కు రెండెకరాల నల్లరేగడి. మొగడు పోయి ఆరేండ్లు. ఆమె, కోడలు కలిసి చేసుకుంటరు. ఈ వానకాలం సోయ వేసింది. సోయ వస్తేనే యాసంగికి శనగ విత్తనం. శనగ వస్తేనే ఎండాకాలం తిండి. పంట కోతకు వచ్చేటప్పుడు ప్రతి ఏడు ఆరు కొడవళ్లు నా దగ్గర ఇస్తది. నేను కాల్చి, సాగగొట్టి, పదును పెట్టి ఇస్త. ఈ ఏడు కూడ ఇచ్చింది. ఆ గోడకే ఆనించి పెట్టిన.

ఎనిమిదో దినం వచ్చింది.

“మాణికన్నా, ఆకంత రాలింది. కాయ ఎండింది. రేపు కోత పెడ్త. కొడవళ్లు అయినయా?”

నేను మండపం దిక్కు చేయి చూపించిన.

“అక్కడెందుకున్నై?”

చెప్పిన. విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండు.

“బొట్టు పెట్టిన్రా?”

“పెట్టిన్రు.”

“అయ్యో అన్నా!” అన్నది. ఇద్దరం మండపానికి పోయినం.

ప్రణయ్ సారు టిఫిన్ చేస్తుండు. నర్సమ్మ దండం పెట్టి సంగతి చెప్పింది. ఆయన చాల శాంతంగ విన్నడు. ఆయన క్లాసుల్లో మొదటి పాఠం వినడమేనట.

“అమ్మా, మీ కొడవలి ఎంత గొప్ప స్థానంలో ఉందో చూడండి. అది ఇప్పుడు గడ్డి కోసే కొడవలి కాదు. మనిషిలో ఉన్న అహంకారాన్ని కోసేది!”

“అహంకారం రెండు దినాలు ఆగుతది సారూ. సోయ ఆగది” అన్నది నర్సమ్మ.

సారు నవ్విండు. “మంచి మాట!” అన్నడు. ఫోన్ తీసి ఆ మాట రాసుకున్నడు. ఆ సాయంత్రం స్క్రీన్ మీద పడ్డది కూడ. “ఒక సామాన్య రైతు మహిళ నాకు నేర్పిన పాఠం” అని! చప్పట్లు!

బసవరాజ్ మాత్రం లెంపలు వేసుకున్నడు. “అక్కా, బొట్టు పెట్టిన ఇనుము కదిలిస్తే ఊరంతటికీ అరిష్టం. దసరా తెల్లారి ఉద్వాసన. మూడు దినాలు ఓపిక పట్టు.”

నర్సమ్మ ఆ బొట్లకు దండం పెట్టి మళ్లింది. ఆమెకూ అదే నమ్మకం. కమిటీ చెప్పినందుకు కాదు, వాళ్ల అత్త చెప్పినందుకు.

మీరు అడుగుతరు, వేరే కొడవలి కొనుక్కోవచ్చు కదా అని. కొన్నది. బజారులో దొరికేది పలుచటి రేకు. గడ్డికి పనికొస్తది. ఎండిన సోయ కట్టెకు వంగి చెవి లెక్క మడత పడ్డది. మిషన్ పెట్టొచ్చు కదా అంటరు. అడిగింది. పదెకరాలు ఒక్క తాన ఉంటేనే మిషన్ దిగుతదన్నరు. పక్కవాళ్లను అడగొచ్చు కదా అంటరు. కోత దినాల్లో ఎవరి కొడవలి వాళ్ల చేతిలోనే ఉంటది. మరి నేను కొత్తవి చేసి ఇవ్వొచ్చు కదా? దేంతో చేయాలె? సంకల్పం, సహనం, బంధం మూడూ మండపంలోనే ఉండె!

అత్తాకోడండ్లు చేత్తో పీకుడు మొదలు పెట్టిన్రు. ఒక్క దినంలో అరచేతులు బొబ్బలెక్కినై. నాలుగు సాళ్లు అయినై.

తొమ్మిదో దినం ప్రణయ్ సారు ఆఖరి ప్రసంగం చేసి శాలువా కప్పించుకుని పోయిండు. దసరా అయింది. తెల్లారింది. నర్సమ్మ స్నానం చేసి మండపం ముందర నిలబడ్డది.

ఉద్వాసన లేదు!

ఎందుకంటే డీజే ఖాళీ లేదు. ఊరేగింపుకు మాట్లాడిన డీజే ఆ దినం రాయికోడ్ దిక్కు, తర్వాత రెండు దినాలు మొగుడంపల్లి దిక్కు ఒప్పుకున్నడు. పద్నాలుగో దినం గాని రాడు. డీజే లేకుండ అమ్మవారిని సాగనంపితే గల్లీ ఇజ్జత్ ఏం గావాలె? అమ్మవారు పోకుండ ఇనుముకు ఉద్వాసన ఎట్ల? కాబట్టి అమ్మవారు ఆగింది. ఇనుము ఆగింది. సోయ ఒక్కటే ఆగనన్నది.

మూడు లోకాలను కదిలించే తల్లిని మూడు దినాలు ఆపినోడంటే ఆ డీజే ఎంత శక్తిమంతుడో చూడండి! ఆయన దేనికి ప్రతీకనో సారును అడుగుదమంటే సారు పోయిండు.

సోయ కాయ బాగ ఎండితే దానంతట అదే పగుల్తది. గింజ నేల రాలుతది. పదకొండో దినం నర్సమ్మ చేను దగ్గరికి పోయిన. ఎండలో నిలబడితే చిటపట, చిటపట అని చేనంత చప్పుడు. ఆమె గట్టు మీద కూసుని వింటున్నది. పన్నెండో దినం కర్ణాటక దిక్కు నుంచి మబ్బు లేసింది.

ఇగ పదమూడో దినం. నా కొలిమి ఎప్పుడూ లేనంత గిరాకీ చూసింది!

పొద్దుగాలనే అవుతలి గల్లీ కమిటీ వాళ్లు వచ్చిన్రు. గోనె సంచిలో ఐదు కత్తులు. పొడుగు కత్తులు, ఊరేగింపువి. సాన పట్టి ఉంచమని పెట్టి పోయిన్రు. పగటిపూట సచిన్ వచ్చిండు. దుప్పట్లో చుట్టినవి ఏడు.

“తాతా, జర సాన పట్టు. రేపే ఊరేగింపు.”

“ఇవేంది?”

“కత్తులు తాతా. కనిపిస్తలేవా?”

“జ్ఞానం కదా?”

వెంట వచ్చిన పిల్లగాండ్లు నవ్విన్రు. సచిన్ కూడ నవ్విండు.

“ఆ, జ్ఞానమే. జర పదును పెట్టు.”

“ప్రతీకకు పదును ఎందుకు?”

“అవుతలి గల్లీ వాళ్లు తెస్తున్నరట తాతా. చౌరస్తాల ఎవరి అమ్మవారు ముందు పోవాలె అనేది ఈసారి తేలాలె. పోయిన ఏడు వాళ్లు అడ్డం పెట్టిన్రు. మనం ఉత్త కట్టెలు పట్టుకుని నిలబడితే బాగుంటదా?”

చూసిన్రా నా పుణ్యం! కోసే కొడవలేమో పూలు పెట్టుకుని స్క్రీన్ ముందర కూసున్నది. చూపించే కత్తేమో సాన ముందర లైనులో నిలబడ్డది.

“ముందు నర్సమ్మ కొడవళ్లు తీసుకరా. తర్వాత ఇవి” అన్న.

“అవ్వి బొట్టు పెట్టినై తాతా! ముట్టొద్దు కదా!”

“ముట్టకు. పో.”

సచిన్ జర దూరం పోయి ఫోన్‌లో మాట్లాడిండు. చాయ్ చల్లారేలోపల బసవరాజ్ బండి మీద వచ్చిండు.

“ఏంది కాకా, పండుగ పూట పంచాయితీ? ఇన్నేండ్లల్ల మీరు ఒక్క మాట ఎక్కువ మాట్లాడంగ చూడలె.”

“ఆరు కొడవళ్లు” అన్న.

బసవరాజ్ కత్తుల దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. సాన దిక్కు చూసిండు. ఆ రోడ్డు మీద ఇంకొక సాన మిషన్ లేదు. అయ్యగారికి ఫోన్ కొట్టిండు.

అందరం మండపానికి పోయినం. అయ్యగారు ఆరు కొడవళ్లకు స్పెషల్ ఉద్వాసన చెప్పిండు. నాలుగు అక్షింతలు వేసిండు. కొడవళ్లను జర ఉత్తరానికి జరిపిండు. అయిపోయింది. ఐదు దినాల సంది పంట కోసం కానిది కత్తి కోసం అర నిమిషంలో అయింది! అరిష్టం జాడ కూడ కనపడలేదు. అది కూడ ఊరేగింపు పనుల్లో ఉన్నట్టుంది.

నా దాగలి, సుత్తె అడగలేదు. టైము లేదు. కొడవళ్లను సాన మీదనే పదును పెట్టిన. కబురు పంపితే నర్సమ్మ వచ్చి కొంగుతో పట్టుకుంది.

“ఉద్వాసన చెప్పిన్రా అన్నా?”

“చెప్పిన్రు చెల్లె.”

కండ్లకద్దుకుని పోయింది. పొద్దు గుంకేదాక కోసి, తెల్లారి చీకటితోనే మళ్ల చేనులోకి దిగింది. ఆమె, కోడలు, ఇంకో నలుగురు ఆడోళ్లు.

కత్తులు కూడ మాట ప్రకారం సాన పట్టిన. పన్నెండు కత్తులు. అవుతలి గల్లీవి ఐదు, మావి ఏడు. పక్కలు అద్దం లెక్క చేసిన. మొఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. అంచు మాత్రం సాన చక్రానికి నిలువుగ ఆనించి ఒత్తిన. ఉన్న పదును అంత నిప్పులై రాలిపోయింది. ఆ కత్తితో ఉడికిన ఆలుగడ్డ కోయాలన్నా ఇంకొక కత్తి తోడు కావాలె.

సచిన్ వచ్చి ఎత్తి చూసిండు. “వాహ్ తాతా! ఏం మెరుస్తున్నై!” అన్నడు. అంచు మీద వేలు పెట్టి చూడలేదు. ఫోన్ పెట్టి రీల్ తీసిండు.

పద్నాలుగో దినం పగటిపూట ఊరేగింపు కదిలింది. డీజే దెబ్బకు నా కొలిమి రేకులు కూడ డ్యాన్స్ చేసినై. చౌరస్తాలో రెండు ట్రాక్టర్లు ఎదురెదురు నిలబడ్డయి. రెండిట్లో ఇద్దరు తల్లులు, ముప్పై ఆరు థర్మాకోల్ ఆయుధాలు. కింద పన్నెండు జ్ఞానాలు గాల్లోకి లేసినై. మీద మబ్బు ఉరిమింది. జనం అరుపులు. వాన కొట్టింది.

ఏమైందో నేను చూడలేదు. చప్పుడు విన్న. అరగంటకు సచిన్ దుప్పటి మూట పట్టుకుని తడుసుకుంట కొలిమిలోకి వచ్చిండు. ఎడమ చేతికి దస్తీ చుట్టుకుని ఉన్నడు. కోపం!

“ఏం సాన పట్టినవ్ తాతా? ఇజ్జత్ తీసినవ్! వాని భుజం మీద పడ్డా తెగలె!”

“నీ చేతికేంది?”

దస్తీ విప్పిండు. మోచేయి నుంచి మణికట్టు దాక కత్తి పడ్డ గీత. ఎర్రగ ఉబ్బింది. చర్మం తెగలేదు.

దాన్ని నేను చూసిన. వాడు కూడ చూసిండు. ఈసారి జర ఎక్కువ సేపు చూసిండు.

“వాళ్ల కత్తులు కూడ... నువ్వేనా?”

“నేనే.”

వాడు కూసున్నడు. వాన తగ్గేదాక కూసున్నడు. చాయ్ పోస్తే తాగిండు. దస్తీ మళ్ల చుట్టుకుని పోయిండు. దుప్పట్లో ఏడు కత్తులు కొలిమిలోనే వదిలేసిండు. వాటిని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! నేను మొదట చెప్పిన మాట మీదనే ఉన్న. ఎవరికీ రక్తం రాలేదు. అమ్మవారు క్షేమంగ సాగిపోయింది. నా సుత్తె, దాగలి గోడకు వచ్చినై. ప్రణయ్ సారు వీడియోకు లక్ష మంది చూసేటోళ్లు ఉన్నరట. వచ్చే ఏడు “ఇంటికో ఇనుము” ఇంకా పెద్దగ చేస్తమని బసవరాజ్ అన్నడు. ఇన్ని మేళ్లల్లో తప్పు పట్టేందుకు ఏముంది?

వాన నాలుగు దినాలు పడ్డది.

ఐదో దినం నర్సమ్మ వచ్చింది. ఆరు కొడవళ్లు కడిగి, తుడిచి తెచ్చింది. ఎకరన్నర కోసి కుప్ప వేసి కవరు కప్పిందట. ఇంకొక అరెకరం కోయకముందే వాన పట్టింది.

“అది శనగ విత్తనానికి అనుకున్న అన్నా” అన్నది.

కొంగు ముడి విప్పింది. పిడికెడు సోయ. కాయలోనే తడిసి, ఉబ్బి, ఒక్కొక్క గింజకు తెల్లగ మొలక వచ్చింది. నా అరచేతిలో పోసింది. మెత్తగ, వెచ్చగ ఉన్నై.

“సారు పోయిండు. నువ్వే చెప్పు మాణికన్నా. ఇది దేనికి ప్రతీక?”

“కొడవళ్లు ఆగిన ఐదు దినాలకు” అన్న.